ఎఫ్-1 వీసా మీద పని అనుమతులు: కాన్సాస్‌లో నా ఐదేళ్ల అనుభవం

ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద అమెరికా వెళ్ళే వారికి పని చేసే అనుమతి వీసాతో పాటు చేతికి రాదు. అది ఒక్కో దశలో ఒక్కో కాగితంగా, ఒక్కోసారి ఒక్కో అధికారి నుంచి వస్తుంది. ఆ కాగితం మీద ఉన్న మొదటి తేదీకి ముందు రోజు చేసిన పనీ, చివరి తేదీకి మరునాడు చేసిన పనీ చట్టం దృష్టిలో అనుమతి లేని పనులే. నేను 2018 ఆగస్టులో గుంటూరు నుంచి కాన్సాస్ రాష్ట్రంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్ చదవడానికి వెళ్ళాను. 2023లో తిరిగి వచ్చేలోపు క్యాంపస్ ఉద్యోగం, సీపీటీ (చదువులో భాగంగా చేసే పని), ఓపీటీ (చదువు ముగిశాక చేసే పని), స్టెమ్ ఓపీటీ (సైన్స్, ఇంజనీరింగ్ వంటివి చదివిన వారికి దాని పొడిగింపు) అన్నీ వరుసగా చూశాను. ఇప్పుడు విజయవాడలో ఉద్యోగం చేస్తూ గుంటూరులోనే ఉంటున్నాను. బ్రాడీపేటలో మా ఇంటి చుట్టుపక్కల నుంచి ఏటా వేసవిలో ప్రయాణానికి సిద్ధమయ్యే పిల్లలూ, వారి తల్లిదండ్రులూ వచ్చి అడిగే ప్రశ్నలన్నీ చివరికి పని దగ్గరికే వస్తాయి కాబట్టి, నాకు జరిగింది జరిగినట్టుగా, నియమాలతో సహా రాస్తున్నాను.

మా నాన్న మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తా. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో చదువు రుణం తీసుకున్నాక, ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, అక్కడ చదువుకుంటూనే పని చేస్తే వాయిదాలకు సరిపోతుందా?" అని. అరండల్‌పేటలో మేము వెళ్ళిన కన్సల్టెన్సీ వారు సరిపోతుందని ఆయనకు నచ్చజెప్పారు. నేను ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క వేసి చూపించాను. తరగతులు జరిగే కాలంలో ఎఫ్-1 విద్యార్థి వారానికి 20 గంటలు మాత్రమే, అదీ క్యాంపస్ లోపల మాత్రమే పని చేయాలి. అమెరికా కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు, కాన్సాస్‌లోనూ అంతే. అంటే వారానికి 145 డాలర్లు, పదహారు వారాల సెమిస్టరుకు 2,320 డాలర్లు, అప్పటి మారకం రేటులో సుమారు లక్షా అరవై వేల రూపాయలు. నలుగురు కలిసి ఉండే గది అద్దెకూ, తిండికీ ఇది అక్కరకు వస్తుంది గానీ ఫీజుకు చాలదు, వాయిదా మాట చెప్పనే అక్కర్లేదు. పైగా విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 అనే ప్రవేశ పత్రం తెప్పించుకునేటప్పుడే మొదటి ఏడాది ఖర్చంతటికీ మా దగ్గర డబ్బు ఉందని మేమే చూపించాం. ఆ చట్టం విద్యార్థిని డబ్బు తెచ్చుకుని చదువుకోవడానికి వచ్చిన మనిషిగానే చూస్తుంది. నాన్న ఆ లెక్కను రెండు సార్లు చూసుకుని, చదువు పూర్తయ్యే దాకా వడ్డీ తానే కడతానని చెప్పారు. ఆ మాట ముందే అనుకోవడం వల్ల, డబ్బు ఇబ్బంది వచ్చినప్పుడు కూడా చేయకూడని పనికి వెళ్ళవలసిన ఒత్తిడి నా మీద పడలేదు.

నాకు మొదట దొరికిన పని విద్యార్థుల భోజనశాలలో. క్యాంపస్ ఉద్యోగానికి ఇమిగ్రేషన్ శాఖ నుంచి వేరే అనుమతి అవసరం లేదు. పని ఇచ్చే విభాగం నుంచి ఒక లేఖ, దాని మీద విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓ ధ్రువీకరణ, ఆ రెండూ పట్టుకుని సోషల్ సెక్యూరిటీ కార్యాలయానికి వెళ్ళి, జీతానికీ పన్నులకూ వాడే ఆ నంబరుకు దరఖాస్తు. ఉద్యోగం లేనిదే ఆ నంబరు ఇవ్వరు. దిగగానే నంబరు తీసుకోవాలని తొందరపడే వారికి ఈ వరుస ముందే చెప్పాలి. పనిలో చేరాక ఐ-9 అనే ఫారం నింపి, పాస్‌పోర్టు, దేశంలోకి ప్రవేశించినట్టు ఇచ్చే ఐ-94 పత్రం, ఐ-20 చూపించాలి. అమెరికాలో ఏ ఉద్యోగంలో చేరినా ఈ ఫారం తప్పదు.

ఆ భోజనశాలలో నా చోటు గిన్నెలు కడిగే యంత్రం దగ్గర. పిల్లలు వదిలిన ట్రేలు బెల్టు మీద వరుసగా వస్తుంటే, మిగిలిన తిండి గొట్టంతో కడిగేసి, పళ్ళేలు ఒక వైపు, గ్లాసులు ఒక వైపు సర్ది లోపలికి తోయాలి. అవతలి వైపు నుంచి అవి పొగలు కక్కుతూ బయటికి వస్తాయి. రాత్రి పది దాటాక నేల కడిగి, గోడ మీద ఉన్న మిషన్‌లో కార్డు గీసి బయటపడేవాళ్ళం. ఆ కార్డు లెక్కే చట్టం ముందు నా లెక్క. రెండో సెమిస్టరులో మా ప్రొఫెసరు ఒకరు ప్రశ్నపత్రాలు దిద్దే పని ఇస్తానన్నారు. గౌరవం కలిగిన పని, నాకు ఇష్టమైనది కూడా. అయితే 20 గంటలు అనేది ఒక్కో ఉద్యోగానికి కాదు, క్యాంపస్‌లో చేసే పనులన్నిటికీ కలిపి. అందుకని భోజనశాల గంటలు తగ్గించి రాయించుకున్న తర్వాతే ఆ పనిలో చేరాను. పరీక్షల రోజుల్లో తోటివాళ్ళు తమ షిఫ్టు చేసిపెట్టమని బతిమాలేవారు. వారం లెక్క చూసుకోకుండా ఒప్పుకోకూడదు. స్నేహం కోసం చేసిన రెండు గంటలైనా జీతం పట్టీలో నిలిచిపోతాయి. సెలవుల్లో మాత్రం, తిరిగి చదువు కొనసాగించే విద్యార్థికి పూర్తి సమయం పని చేసే వీలుంది.

క్యాంపస్ బయట పని గురించి గట్టిగానే చెప్పాలి. పెట్రోలు బంకులోనో, మోటెల్‌లోనో, మనవాళ్ళ హోటల్లోనో చేతికి నగదు తీసుకుని పని చేయడం, స్నేహితుడి పేరు మీద ఉన్న ఖాతాతో తిండి డెలివరీ చేయడం చాలామందికి మామూలు విషయమైపోయింది. "అందరూ చేస్తున్నారు కదక్కా" అని గుంటూరులో కూర్చుని నన్ను అడిగే పిల్లలు ఉన్నారు. ఎఫ్-1 హోదా ఏ కారణం వల్లనైనా తప్పిపోతే దాన్ని పునరుద్ధరించమని దరఖాస్తు చేసుకునే దారి ఒకటి ఉంది. కోర్సులో గంటలు తగ్గినా, ఐ-20 గడువు చూసుకోకపోయినా, తగిన కారణం చూపితే ఆ దారి తెరుచుకోవచ్చు. అనుమతి లేకుండా పని చేసిన వారికి మాత్రం ఆ దారి లేదని నియమంలోనే రాసి ఉంది. పదిహేను డాలర్ల కోసం చేసిన ఒక్క సాయంత్రపు పని, ఇల్లు తాకట్టు పెట్టి కొనుక్కున్న చదువును సగంలో ఆపేయగలదు. అలాగే, పెళ్ళయ్యాక భర్తతోనో భార్యతోనో ఎఫ్-2 వీసా మీద వెళ్ళే వారికి ఏ రకమైన ఉద్యోగానికీ అనుమతి లేదు. ఇద్దరూ సంపాదిస్తే అప్పు తీరుతుందని పెళ్ళి మాటల్లో లెక్కలు వేసే పెద్దలు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఊహించని కష్టం వచ్చిన వారికి ఒక మినహాయింపు ఉంది. ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాక, కుటుంబంలో ఆదాయం ఆగిపోవడమో, భారీ వైద్య ఖర్చు మీద పడడమో వంటి తీవ్రమైన ఆర్థిక ఇబ్బందిని రుజువులతో చూపితే, డీఎస్‌ఓ సిఫారసుతో ఇమిగ్రేషన్ శాఖకు దరఖాస్తు చేసి క్యాంపస్ బయట వారానికి 20 గంటలు పని చేసే అనుమతి కోరవచ్చు. నాకు దాని అవసరం రాలేదు.

2019 వేసవిలో ఒక గిడ్డంగుల సంస్థలో ఇంటర్న్‌షిప్ దొరికింది. దానికి కావలసింది సీపీటీ. ఇది చదువులో భాగంగా చేసే పనికి ఇచ్చే అనుమతి. సాధారణంగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివిన తర్వాతే ఇస్తారు. దీనికి ఇమిగ్రేషన్ శాఖకు రుసుము లేదు, పని అనుమతి కార్డు రాదు. డీఎస్‌ఓయే అనుమతి నమోదు చేసి కొత్త ఐ-20 ఇస్తారు. నేను చేసింది ఇదీ: సంస్థ నుంచి పని స్వభావం, వారానికి గంటలు, మొదలు చివరి తేదీలు, పని చేసే ఊరు రాసిన ఆఫర్ లేఖ తెచ్చుకున్నాను, ఆ పనికి నా కోర్సుకు ఉన్న సంబంధం వివరిస్తూ మా సలహాదారు ప్రొఫెసరు చేత సంతకం చేయించాను, వేసవిలో ఇంటర్న్‌షిప్ అనే ఒక క్రెడిట్ కోర్సులో డబ్బు కట్టి చేరాను. నాకు వచ్చిన ఐ-20 రెండో పేజీలో సంస్థ పేరు, ఊరు, పూర్తి సమయం అన్న మాట, రెండు తేదీలు అచ్చయి ఉన్నాయి. సంస్థ వారు శిక్షణ కోసం మూడు రోజులు ముందే రమ్మన్నారు. ఆ పేజీ ఫొటో పంపి, అచ్చయిన తేదీకి ముందు లోపలికి అడుగు పెట్టలేనని రాశాను. వారు అభ్యంతరం చెప్పకుండా శిక్షణను ఆ తేదీ తర్వాతికి జరిపారు. అడిగితే జరిపే సంస్థలే ఎక్కువని తర్వాత కూడా గమనించాను.

సీపీటీలో ఒక హద్దు ఉంది. పూర్తి సమయం సీపీటీ 12 నెలలు లేదా అంతకు మించి చేసిన వారికి అదే స్థాయి చదువుకు ఓపీటీ రాదు. 20 గంటలు, అంతకు తక్కువ చేసే పాక్షిక సీపీటీ ఈ లెక్కలోకి రాదు. ఇక చేరిన మొదటి రోజు నుంచే సీపీటీ ఇస్తామని ప్రకటించుకునే కళాశాలల గురించి చెప్పాలి. కోర్సు స్వభావాన్ని బట్టి మొదటి నుంచీ పని తప్పనిసరి అయిన పీజీ కోర్సులు నిజంగానే ఉన్నాయి, నియమం వాటిని ఒప్పుకుంటుంది. కానీ తరగతి గది లేకుండా ఫీజు తీసుకుని పని కాగితం మాత్రమే అమ్మేవి వేరు. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయాన్ని 2011 జనవరిలో మూసివేసినప్పుడు వీధిన పడ్డ విద్యార్థుల్లో తెలుగువారు చాలామంది. కొందరి కాళ్ళకు నిఘా పట్టీలు కూడా వేశారు. 2019 జనవరిలో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయాన్నయితే అధికారులే వల పన్నడానికి నెలకొల్పారు. అందులో చిక్కుకున్న వారిలోనూ మన పిల్లలు ఎక్కువమంది ఉన్నారు. అప్పుడు నేను రెండో సెమిస్టరులో ఉన్నాను. గుంటూరులో టీవీ చూసి అమ్మ రాత్రంతా ఫోన్ చేస్తూనే ఉంది.

ఓపీటీకి మాత్రం ఎక్కువ ఓపిక కావాలి. చదువు ముగిశాక చదివిన రంగంలోనే పని చేయడానికి ఇచ్చే 12 నెలల అనుమతి ఇది. బ్యాచిలర్స్, మాస్టర్స్, పీహెచ్‌డీ, ఇలా స్థాయికి ఒక్కసారే వస్తుంది. రెండో ఎమ్మెస్ చేసినంత మాత్రాన రెండో ఓపీటీ రాదు. దీనికి ఐ-765 ఫారంతో ఇమిగ్రేషన్ శాఖకు దరఖాస్తు చేయాలి. కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిసిన 60 రోజుల వరకు ఆ శాఖకు దరఖాస్తు అందాలి. డీఎస్‌ఓ సెవిస్ అనే ప్రభుత్వ విద్యార్థి రికార్డుల వ్యవస్థలో సిఫారసు నమోదు చేసిన తర్వాత 30 రోజుల్లోపే అందాలి. ఈ రెండు గడువుల్లో ఏది దాటినా దరఖాస్తు తిరస్కరిస్తారు.

నా కోర్సు 2020 మే నెలలో ముగిసింది. ఫిబ్రవరిలో దరఖాస్తు చేసే వీలు మొదలవగానే కాగితాలు సిద్ధం చేశాను. అప్పటికి ఆన్‌లైన్ సౌకర్యం లేదు. నింపిన ఫారం, 410 డాలర్ల చెక్కు, పాస్‌పోర్టు, వీసా, ఐ-94 నకళ్ళు, సిఫారసు ఉన్న కొత్త ఐ-20, అంతకుముందు సీపీటీ ఉన్న పాత ఐ-20లు, రెండు అంగుళాల ఫొటోలు. ఫొటోల వెనుక పెన్సిలుతో, ముందుకు అచ్చు పడకుండా తేలిగ్గా పేరు రాయాలి. కొత్త ఐ-20 మీద సంతకం చేయడం మరవకూడదు. మన పేర్ల దగ్గర ఇంకో జాగ్రత్త కావాలి: ఇంటిపేరు పాస్‌పోర్టులో ఏ గడిలో ఉందో ఫారంలోనూ ఆ గడిలోనే ఉండాలి. మా ఇంటిపేరు తపాలా పెట్టె మీద లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుందని సీనియర్లు చెబితే, గదిలో ఉన్న నలుగురి పేర్లూ పెద్ద అక్షరాలతో రాసి పెట్టెకు అతికించాం.

అప్పుడు తీసుకోవలసిన నిర్ణయాల్లో ముఖ్యమైనది ఓపీటీ మొదలయ్యే తేదీ. కోర్సు ముగిసిన మరునాటి నుంచి 60 రోజుల్లోపు ఏ తేదీనైనా మనమే కోరుకోవచ్చు. ఆ తేదీ వచ్చాక, పని అనుమతి కార్డు చేతికి అందాక, రెండూ జరిగితేనే పని మొదలుపెట్టాలి. ఆ తేదీ నుంచే ఉద్యోగం లేని రోజుల లెక్క కూడా మొదలవుతుంది. అలాంటివి మొత్తం 90 రోజులకు మించకూడదు. శని, ఆదివారాలు, పండుగలు అన్నీ అందులోవే. నాకు అప్పటికే ఒక సంస్థ ఆఫర్ ఇచ్చి ఉన్నా, డీఎస్‌ఓ నన్ను కూర్చోబెట్టి, ఆ సంస్థ జూన్‌లోనే చేరమని పట్టుబట్టకపోతే జూలై మొదటి వారం తేదీ కోరుకొమ్మని చెప్పారు. తేదీ ఆలస్యమైనా 12 నెలలూ పూర్తిగా వస్తాయి, వెతుక్కోవడానికి మాత్రం అదనంగా రోజులు మిగులుతాయి. దరఖాస్తే ఆలస్యంగా పెట్టేవారికి ఈ లాభం ఉండదు, ఎందుకంటే కోర్సు ముగిసిన 14 నెలల్లోపు ఓపీటీ అంతా అయిపోవాలి. ఆమోదం ఆలస్యమైన కొద్దీ 12 నెలలు కరిగిపోతాయి.

డీఎస్‌ఓ చెప్పినట్టు జూలై తేదీ కోరడం ఎంత మంచిదైందో ఏప్రిల్‌లో తెలిసింది. కరోనాతో విశ్వవిద్యాలయం మూతపడింది, నియామకాలు నిలిపివేస్తున్నామని ఆ సంస్థ ఉత్తరం పంపింది. నాన్నకు ఫోన్ చేసి చెబితే, "ముందు ఆరోగ్యం చూసుకో తల్లీ, వడ్డీ సంగతి నేను చూస్తాను" అన్నారు. జూన్‌లో కార్డు వచ్చింది. ఈఏడీ అనే ఆ కార్డు డ్రైవింగ్ లైసెన్సంత ఉంటుంది. దాని మీద ఫొటో, రెండు తేదీలతో పాటు సీ03బీ అనే వర్గం అచ్చయి ఉంటుంది. చదువు ముగిశాక వచ్చే ఓపీటీకి గుర్తు అది. జూలైలో కార్డు మీది మొదటి తేదీ వచ్చింది, నా చేతిలో ఉద్యోగం లేదు.

జీతం లేకపోయినా, చదివిన రంగానికి సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు చేస్తే, కార్మిక చట్టాలకు విరుద్ధం కానంతవరకు, మొదటి 12 నెలల ఓపీటీలో అది పనిగానే లెక్కకు వస్తుంది. మా ప్రొఫెసరు అప్పుడు పేదలకు ఆహారం పంచే కేంద్రాల సరఫరా మీద ఒక అధ్యయనం చేస్తున్నారు. అందులో స్వచ్ఛందంగా పని చేస్తానని అడిగితే ఆయన వెంటనే ఒప్పుకుని, ఏ పని, ఎన్ని గంటలు, ఏ తేదీ నుంచి అన్నది విభాగం లేఖ మీద రాసి ఇచ్చారు. ఆ వివరాలను ఓపీటీ విద్యార్థుల కోసం ఉన్న సెవ్‌ప్ (SEVP) పోర్టల్‌లో నమోదు చేశాను. చిరునామా మారినా, పని మారినా, పని పోయినా 10 రోజుల్లోపు అక్కడ తెలియజేయాలి. నమోదు చేయని పని, చేసినా లేనట్టే. అక్టోబరులో ఒక ఆహార సంస్థ గిడ్డంగి ప్రణాళిక విభాగంలో జీతంతో ఉద్యోగం వచ్చే దాకా ఆ లేఖే నన్ను నిలబెట్టింది.

ఆ మూడు నెలల్లోనే వేరే రకం ఫోన్లు కూడా వచ్చాయి. తెలుగులోనే ఆప్యాయంగా మాట్లాడి, కంపెనీ పేరు మీద ఆఫర్ లేఖ ఇస్తామని, పోర్టల్‌లో చూపించుకుంటే రోజుల లెక్క ఆగిపోతుందని, పని దొరికే వరకు అలా ఉండవచ్చని చెప్పేవారు. అనుభవం లేని ఏళ్లను రెజ్యూమేలో చేర్చి ఇస్తామని కూడా అనేవారు. ఆ గొంతులో మన ఊరి యాస వినిపించినప్పుడు నమ్మాలనిపించడం సహజం, ఒంటరిగా గదిలో ఉన్నప్పుడు మరీను. సరిగ్గా ఆ అక్టోబరులోనే, లేని కంపెనీల్లో పని చేస్తున్నట్టు చూపించిన 15 మంది ఓపీటీ విద్యార్థులను ఇమిగ్రేషన్ అధికారులు అరెస్టు చేశారు. వారిలో 11 మంది భారతీయులు. ఇలాంటి లేఖ తీసుకున్న వారికి ఆరోజు గడిచిపోయినట్టే అనిపిస్తుంది. తర్వాత ఏ వీసాకు వెళ్ళినా ఆ కంపెనీ పేరు వారి వివరాల్లో ఉంటుంది, అబద్ధం చెప్పి ప్రయోజనం పొందారన్న నింద శాశ్వత నిషేధం దాకా తీసుకుపోతుంది. జీతం లేని నిజమైన పని, జీతం చూపించే అబద్ధపు లేఖకన్నా ఎన్నో రెట్లు మేలు.

సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం చదివిన వారికి ఓపీటీ మీద మరో 24 నెలల పొడిగింపు ఉంది. 2008లో మొదలైనప్పుడు ఇది 17 నెలలే; 2016 మే నుంచి 24 అయింది. ఈ పొడిగింపు వస్తుందా రాదా అన్నది కోర్సు పేరును బట్టి కాదు, ఐ-20 మీద ఉండే, కోర్సు ఏ విషయానికి చెందిందో తెలిపే సిప్ కోడ్‌ను బట్టి తేలుతుంది. నా ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ కోడ్ 14.3501, జాబితాలో ఉంది. మేనేజ్‌మెంట్ సైన్స్ కోడ్ 52.1301 కూడా ఉంది. బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ కోడ్ 52.0201 లేదు. దాదాపు ఒకే పేరున్న కోర్సులు ఒక విశ్వవిద్యాలయంలో ఒక కోడ్‌తో, ఇంకో చోట ఇంకో కోడ్‌తో నడుస్తాయి. కాబట్టి డిపాజిట్ కట్టకముందే విశ్వవిద్యాలయానికి మెయిల్ రాసి సిప్ కోడ్ అడగమని నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. మూడేళ్లు పని చేయగలగడానికీ, ఒక్క ఏడాదికే వెనుదిరగడానికీ తేడా ఆ ఆరు అంకెల్లో ఉంటుంది.

ఈ పొడిగింపుకు సంస్థ ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ఈ-వెరిఫై అనే ప్రభుత్వ వ్యవస్థలో చేరి ఉండాలి, ఆ నంబరు ఐ-765లో రాయాలి. ఉద్యోగం తప్పక జీతంతో కూడినదై ఉండాలి, స్వచ్ఛంద సేవ ఇక్కడ చెల్లదు. సంస్థా విద్యార్థీ కలిసి ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక రాసి సంతకాలు చేయాలి: ఏమి నేర్చుకుంటాం, ఎవరు పర్యవేక్షిస్తారు, ఎలా అంచనా వేస్తారు, జీతమెంత. మా మేనేజరు ఆ ఫారం అంతకుముందు ఎన్నడూ చూడలేదు. నేను ముసాయిదా రాసి తీసుకెళితే ఆయన కలం పట్టుకుని కూర్చుని, పర్యవేక్షణ అన్న గడిలో నేను రాసిన మర్యాదపూర్వకమైన వాక్యం కొట్టేసి, ప్రతి సోమవారం నిల్వల లెక్కలు ఇద్దరం కూర్చుని ఎలా చూస్తామో తన మాటల్లో రాశారు. రెండేళ్లూ నిజంగా అలాగే జరిగింది. సంస్థ వారు ఇంకెవరి దగ్గరికో పనికి పంపి, శిక్షణ ఇస్తున్నామని కాగితం మీద మాత్రమే రాసే చోట చిక్కులు వచ్చేది ఈ గడి దగ్గరే.

2021 ఏప్రిల్‌లో ఓపీటీ దరఖాస్తులు ఆన్‌లైన్‌లో తీసుకోవడం మొదలైంది కాబట్టి, స్టెమ్ దరఖాస్తు ఇంట్లో కూర్చునే పెట్టాను. పాత కార్డు గడువుకు 90 రోజుల ముందు నుంచి, ఆ గడువు ముగిసేలోపు, డీఎస్‌ఓ సిఫారసు చేసిన 60 రోజుల్లోపు ఇది జరగాలి. గడువులోపు పెట్టిన వారు, పాత కార్డు తేదీ దాటినా నిర్ణయం వచ్చే వరకు 180 రోజుల పాటు పని కొనసాగించవచ్చు. నాకు కొత్త కార్డు ఆగస్టులో వచ్చింది, మధ్యలో ఒక్క రోజు కూడా పని ఆగలేదు. ఉద్యోగం లేని రోజుల పరిమితి ఈ దశలో మొత్తం మీద 150కి పెరుగుతుంది, మొదటి ఏడాదిలో వాడినవీ అందులో కలుస్తాయి. ఆరు నెలలకోసారి వివరాలు సరిగ్గా ఉన్నాయని విశ్వవిద్యాలయానికి నిర్ధారించాలి. ఏడాదికి ఒకసారి, చివర ఒకసారి ఐ-983 మీద అంచనా రాసి పంపాలి. రుసుములు మాత్రం నా కాలంతో పోల్చుకోవద్దు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఐ-765కు ఆన్‌లైన్‌లో 470, కాగితం మీద 520 డాలర్లు చేశారు, 2023 నుంచి అదనపు రుసుముతో త్వరగా తేల్చే సౌకర్యం కూడా వచ్చింది. పంపే రోజున ప్రభుత్వ సైట్‌లో చూసుకుని కట్టాలి.

పన్ను సంగతి చాలామంది వదిలేస్తారు. ఎఫ్-1 విద్యార్థి జీతం నుంచి సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం కోయకూడదు. మా సంస్థ జీతాల విభాగం మొదటి రెండు నెలలు కోసింది. నియమం చూపించి రాస్తే తిరిగి ఇచ్చారు. 2018 ఆగస్టులో దిగినా ఆ ఏడాది మొత్తం ఒకటిగా లెక్క కాబట్టి, 2023 జనవరి నుంచి నాకూ ఆ కోత మొదలైంది. భారత్, అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల మన విద్యార్థులకు, మిగిలిన చాలా దేశాల విద్యార్థులకు లేని స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఆదాయంలో కొంత మొత్తానికి పన్ను మినహాయింపు, దొరుకుతుంది; 2019కి అది 12,200 డాలర్లు. సంపాదన లేని ఏడాది కూడా 8843 అనే ఫారం పన్ను శాఖకు పంపాలి.

ఓపీటీ, స్టెమ్ కాలాల్లో మా సంస్థ 2021 నుంచి 2023 వరకు ప్రతి మార్చిలో నా పేరు హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీకి నమోదు చేసింది. ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో పీజీ చేసిన వారికి మరో 20,000. 2023లో వచ్చిన నమోదులు 7,80,000కు పైగా. నా పేరు రాలేదు. ఓపీటీతో మొదలై స్టెమ్‌తో ముగిసే అనుమతికి చివరి తేదీ ఉందని మొదటి నుంచీ ఇంట్లో చెప్పి ఉంచాను కాబట్టి, రుణంలో ఎక్కువ భాగం ఆ మూడేళ్ల జీతంతోనే ముందుగా తీర్చేశాం. ఆఖరి రోజున మేనేజరు ఐ-983 చివరి అంచనా మీద సంతకం చేశారు, 10 రోజుల్లోపు దాన్ని డీఎస్‌ఓకు పంపాను. పని ఆగిన తర్వాత దేశంలో ఉండడానికి ఇచ్చే 60 రోజుల్లోపు సామాను సర్దుకుని గుంటూరు చేరాను.

కార్డులు, ఐ-20లు అన్నీ, ప్రొఫెసరు ఇచ్చిన లేఖ, ఐ-983లు, జీతం పట్టీలు ఒక ఫైల్లో పెట్టి తెచ్చుకున్నాను. 2025లో ఇప్పటి సంస్థ పని మీద బీ-1 వీసాకు హైదరాబాదు వెళ్ళవలసి వచ్చింది. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో గత ఐదేళ్ల ఉద్యోగాలన్నీ రాయాలి. పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి మర్నాడు నానక్‌రామ్‌గూడలో కాన్సులేట్ కిటికీ ముందు నిలబడితే, అధికారిణి అడిగింది ఒక్కటే: 2020 జూలై నుంచి అక్టోబరు వరకు ఎక్కడ పని చేశారు, జీతం ఎవరు ఇచ్చారు? జీతం లేదని, విశ్వవిద్యాలయంలో స్వచ్ఛందంగా పని చేశానని చెప్పి ఆ లేఖ అద్దం కిందుగా అందించాను. ఆమె తేదీలు చదివి, తన తెరతో సరిచూసుకుని, వీసా వేయడానికి పాస్‌పోర్టు ఉంచుకుంటున్నామని చెప్పారు.